డాక్టరమ్మ గోరీ రాయి

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో, మా కంది చేను దాటాక, రైలు కట్టకు ఇవతల ఎకరం లోపు గరుసు నేల ఒకటి ఉండేది. ఊళ్లో దాన్ని దొరల గోరీలు అనేవాళ్లు. తొమ్మిది సమాధులు. నల్లమల కొండల్లో రైలు దారి వేయించిన ఇంజనీరు దొర అక్కడే ఉన్నాడు. అడవి జ్వరం తగిలి, ఆ పట్టాల మీద మొదటి బండి పోకముందే చనిపోయాడని చెప్పుకునేవాళ్లు. యర్రగొండపాలెం వైపు అడవంతా కొలిచి పటం గీసిన సర్వే దొర ఇంకొకడు. ముగ్గురు పసిబిడ్డలు. ఏం చేసేవాళ్లో తెలియని మరో ముగ్గురు. ఆ తర్వాత డాక్టరమ్మ.

మిగిలిన వాళ్లు మాకు కథల్లో మనుషులు. డాక్టరమ్మ మాత్రం మా ఇంటి మనిషిలాగే ఉండేది, ఎందుకంటే మా అవ్వ ఆమె గురించి చెప్పని రోజు ఉండేది కాదు. అవ్వకు మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులు నొప్పులు పడింది. మంత్రసాని చేతులెత్తేశాక తాత ఎద్దుల బండి కట్టుకుని పోయి డాక్టరమ్మను తీసుకొచ్చాడు. దారిలో వాగులో బండి చక్రం విరిగితే ఆమె దిగి నడిచి వచ్చిందట. "మోకాళ్ల దాకా బురదతో వచ్చింది తల్లి. కాళ్లు కడుక్కోమంటే ముందు నీళ్లు నా కోసరం కాగబెట్టమన్నది" అని అవ్వ చెప్పేది. ఆ బిడ్డే మా నాయన. డాక్టరమ్మ తన మెడలో ఉన్న ఉన్ని గుడ్డ తీసి ఆయన్ను చుట్టి ఇచ్చిందట. కొన్నేళ్ల తర్వాత పుల్లలచెరువు వైపు ఊళ్లలో కలరా గత్తర లేస్తే జనం ఇళ్లు వదిలి చేలల్లోకి పోయారు. ఆమె ఊళ్లోకి పోయింది. వారం తిరక్కుండా శవమై వచ్చింది.

నేను సోషల్ మాస్టారుగా చేరాక ఏటా ఒకసారి పిల్లల్ని ఆ గోరీల దగ్గరకు తీసుకుపోయేవాడిని. పెద్ద సమాధులు ఆరుంటే రెండింటికే పేరు రాళ్లు మిగిలాయి. తక్కిన నాలుగింటి రాళ్లు ఎప్పుడో ఎవరో పెరికేశారు. ఇనుప కంచె ఎప్పుడో పోయింది. నేను అక్కడ నిలబడి, ఈ రాళ్లు ఎత్తుకుపోయిన వాళ్లు మన ఊరి చరిత్రను దొంగిలించారని గట్టిగా చెప్పేవాడిని. పిల్లలు శ్రద్ధగా వినేవాళ్లు. ఒకసారి పేపర్లో ఫోటో కూడా వేశారు. ఆ కత్తిరింపు అద్దం బీరువాలో పెట్టుకున్నాను.

రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్లుందనగా ఒకరోజు మార్కాపురం పాస్టరు గారు స్కూలుకు వచ్చారు. డాక్టరమ్మకు పెళ్లి కాలేదు. ఆమె అక్క మనవరాలు, ఇప్పుడు డెబ్భై దాటిన పెద్దావిడ, కూతుర్ని వెంటబెట్టుకుని సమాధి చూడటానికి వస్తోందట.

"ఇంగ్లీషు మాట్లాడాలి, ఆ జాగా సంగతి తెలిసుండాలి. మీరు తప్ప ఎవురున్నారు సార్?" అన్నారాయన.

నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో గర్వమే ఎక్కువని ఇప్పుడు చెప్పగలను. నలుగురు కూలీలను పెట్టించి రెండు రోజులు సర్కారు కంప కొట్టించాను. కంప పోయాక చూస్తే సమాధులు వరసగా కనిపించాయి. ముందు వరసలో ఉన్నవి గట్టిగా, నిలువుగా ఉన్నాయి. రైలు కట్ట పక్కన వెనక వరస సగం భూమిలోకి దిగిపోయి, గచ్చు పగిలి, పందికొక్కుల బొరియలతో ఉంది. రాయి లేని నాలుగింటిలో డాక్టరమ్మది ఏదో పాస్టరు గారికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాయనను అడిగాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు.

"నాయనా, డాక్టరమ్మ గోరీ యాది? ఆమె మనిషి వస్తావుంది, చూపియ్యాల."

వినపడలేదేమోనని మళ్లీ అడిగాను.

"వినపడింది లేరా" అన్నాడు. "గోరీ యాదో నాకు తెల్దు. రాయి మాత్రం మనింట్లోనే ఉంది."

"మనింట్లోనా? యాడ?"

"నీళ్లు పోసుకునే కాడ."

మా పెరట్లో స్నానాలకు ఒక తెల్లని బండ ఉంది. నాలుగడుగుల పొడవు, నున్నగా ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే ఉంది. స్టేషన్‌లో పాత గది పడగొడితే అక్కడి నుంచి తెచ్చిందని అవ్వ అనేది. నాకు అవ్వ దాని మీదే నీళ్లు పోసింది. నా పిల్లలకు నా భార్య దాని మీదే పోసింది. అవ్వ చనిపోయిన రోజు ఆమె శరీరాన్ని దాని మీదే పడుకోబెట్టి కడిగారు.

నా భార్య బజారుకు పోయి ఉంది. నేను గడ్డపార తెచ్చి బండ కింద దూర్చి ఒక పక్కకు లేపి, ఇటుకలు ఆనించాను. అడుగున తడి మట్టి, వానపాములు. చెంబుతో నీళ్లు కొట్టాను. అక్షరాలు నిన్న చెక్కినట్టు ఉన్నాయి. పైన ఇంగ్లీషులో ఆమె పేరు, పుట్టిన ఊరు, చనిపోయిన రోజు. కింద తెలుగులో ఒక వరస: "ఈమె మా డాక్టరమ్మ."

నాయన నాలుగో తరగతి దాకా చదివాడు. తెలుగు బాగా చదువుతాడు.

"చదవకుండా తెచ్చినావా నాయనా?"

"చదివినా. అందుకే బోర్లా పరిచినా."

ఆయన కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి గోడకు ఆనుకుని నిలబడి తానే చెప్పాడు.

"ఎవురో రాళ్లు ఊడబెరికి గేటు కాడ కుప్ప పోసినారు. బండ్లకెత్తి తీసుకపోతావున్నారు. ఒకాయన ఇంటి మెట్లకు, ఒకాయన దుకాణం ముందర అరుగుకు. నేను పోయేతలికి రెండో మూడో మిగిలినయి. అప్పుడు మనకు బండ లేదు. మీ అవ్వ బురదలో కూచోని నీళ్లు పోసుకునేది. మోకాళ్ల నొప్పులు ఆమెకు. ఒకటి బండికెత్తినా. ఇంటికొచ్చి దించేటప్పుడు చూసినా, పేరు."

"అప్పుడన్నా తిరిగి పెట్టకపోయినావా?"

"యాడ పెట్టేది? గోరీ యాదో తెల్దు. పెడితే మళ్లీ ఎవురో ఒకరు ఎత్తకపోయేదే. మీ అవ్వకు తెలిస్తే నా మొగం చూస్తాదా?" కర్ర ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు పిల్లోల్లకు అక్కడ చెప్పే మాటలు నాకు తెలుసులేరా. ఇంటికొచ్చి నువ్వు మళ్లీ చెప్పేటోనివి గదా అన్నం తినేటప్పుడు."

నేను చెంబు కింద పెట్టాను.

రాయిని తీసి వాళ్లొచ్చే లోపు పాస్టరు గారికి అప్పగించడం ఒక్కటే సరైన పని. అది నాకు ఆ నిమిషంలోనే తెలుసు. ఇన్నేళ్ల తర్వాత బుద్ధి వచ్చి చెబుతున్న మాట కాదిది. కానీ రేపు ఊరంతా ఏమంటుంది? ప్రాణం పోసిన మనిషి గోరీ రాయి మీద ఇన్నేళ్లు స్నానాలు చేశారంటుంది. ఆ ఇంటి మాస్టారేనా ప్రతి ఏడూ ఉపన్యాసం ఇచ్చేది అంటుంది. నాయన పరువు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. ఇటుకలు లాగేసి బండను మళ్లీ బోర్లా దించాను.

"వాళ్లు వచ్చి పోనీ నాయనా. తర్వాత చూద్దాం. ఎవురికీ చెప్పబాకు."

"నేనెవురికి చెప్తా" అన్నాడాయన.

వాళ్లు వచ్చిన రోజు ఎండ తీవ్రంగా ఉంది. పెద్దావిడ సన్నగా, పొడుగ్గా ఉంది. వంగి నడుస్తోంది. కూతురు ఆమె వెనకే గొడుగు పట్టుకుని వచ్చింది. పాస్టరు గారు, నేను, వార్డు పెద్దలు ఇద్దరు ఉన్నాం. నేను వాళ్లను ముందు వరసలో రాయి లేని ఒక పెద్ద సమాధి దగ్గరకు తీసుకుపోయాను.

"ఇదే" అన్నాను ఇంగ్లీషులో. నాయననడిగి తెలుసుకున్నానని పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచాను.

ఎందుకు దాన్నే చూపించానంటే, అది చూడటానికి బాగుంది. పగుళ్లు లేవు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి పందికొక్కుల బొరియలు చూపించడానికి నామోషీ పడ్డాను. అంతకంటే కారణం లేదు.

ఆమె సంచిలోంచి పాత ఫోటో ఒకటి తీసింది. తెల్లని రాయితో కొత్త సమాధి, దాని వెనకే ఎత్తుగా రైలు కట్ట. ఫోటోలోకి చూసింది, సమాధిని చూసింది.

"ఫోటోలో కట్ట చాలా దగ్గరగా ఉంది" అంది.

"పాత కెమెరాల్లో దూరాలు అట్లాగే కనిపిస్తాయి" అన్నాను. అంత నిబ్బరంగా ఎలా అనగలిగానో తెలియదు. వార్డు పెద్దలు తలూపారు. కూతురు మాత్రం వెనక వరస వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ గచ్చు మీద ఆనించింది. తర్వాత ఒక ఉత్తరం నకలు తీసి మాకు చదివి వినిపించింది. డాక్టరమ్మ తన అక్కకు రాసిన ఉత్తరం. ఆ వారం చూసిన రోగుల గురించి ఉంది. పూలు లేని ఎండాకాలం గురించి ఉంది. తర్వాత ఒక కాన్పు గురించి. వాగులో బండి చక్రం విరిగిందని, మోకాళ్ల దాకా బురదలో నడిచానని, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నాడని, తల్లీ బిడ్డా బతికారని, నువ్వు అల్లి పంపిన ఉన్ని గుడ్డ వాడికే ఇచ్చేశానని, కోపం తెచ్చుకోకు అని.

పాస్టరు గారు నా వైపు తిరిగారు. ఆ కథ ఆయనకూ తెలుసు. "సార్, ఇది మీ నాయన సంగతి గదా" అని, ఆమెతో తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశారు.

ఆమె లేచి నిలబడింది. "ఆ బిడ్డ బతికే ఉన్నాడా?" అని అడిగింది.

ఇంటికి తీసుకురాక తప్పలేదు. నా భార్యకు ఏమీ తెలియదు. దూరం నుంచి వచ్చిన వాళ్లు, కాళ్లకు దుమ్ము, పల్లేరుకాయలు. ఆమె పెద్దావిడను ఆదరంగా పెరట్లోకి తీసుకుపోయి ఆ బండ మీద నిలబెట్టి, బిందె లోంచి చెంబుతో ఆమె పాదాల మీద నీళ్లు పోసింది. చల్లటి నీళ్లకు పెద్దావిడ నవ్వింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక్క మాట అంటే చాలు. అనకుండా లోపలికి పోయి తువాలు తెచ్చాను.

వసారాలో ఆమె నాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. నాయన ఏడవడం మొదలుపెట్టాడు. ముసలి మనిషి ఏడుపు, శబ్దం లేకుండా, ఒళ్లంతా కదిలిపోయేలా.

"ఏమంటున్నారు?" అని ఆమె నన్ను అడిగింది. నాయన పెదాలు కదులుతున్నాయి.

ఆయన అంటున్నది ఇది: "తప్పయిపోయింది తల్లీ. తప్పయిపోయింది."

"మీకు రుణపడి ఉన్నామని అంటున్నాడు" అని తర్జుమా చేశాను.

ఆమె కూడా ఏడ్చింది. కూతురు ఫోటో తీసింది. ఆ ఫోటో తర్వాత మాకు పంపారు. నేను దాన్ని ఎక్కడా తగిలించలేదు.

మూడు నెలలకు పెద్దావిడ కోరిక మీద ఆ సమాధికి నల్ల గ్రానైటు పలక వేయించారు. డాక్టరమ్మ పేరు, కింద ఆమె చేసిన సేవ గురించి నాలుగు మాటలు. షామియానా వేసి సభ పెట్టారు. నాకు శాలువా కప్పారు. నాయనను రమ్మంటే మోకాళ్ల నొప్పులన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ బండ మీద స్నానం చేయలేదు. పెరట్లో ఇంకో మూల మట్టి మీద పీట వేసుకుని కూర్చునేవాడు. నా భార్య విసుక్కుంటే, "ఆడ జారుతాది" అనేవాడు.

ఆ తర్వాతి ఏడు కూతురి దగ్గర నుంచి ఈమెయిల్ వచ్చింది. తమ దేశంలో మిషన్ వాళ్ల పాత కాగితాల్లో మా గోరీల పటం దొరికిందట. స్కాన్ చేసి పంపింది. ముందు వరసలో పలక వేసిన సమాధి ఇంజనీరు దొరది. డాక్టరమ్మది వెనక వరసలో, పసిబిడ్డల పక్కన. అక్కడే పెట్టమని ఆమే అడిగిందని పటం అంచున రాసి ఉంది. ఫోటోలో కట్ట దగ్గరగా ఎందుకుందో నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆ రోజే తెలిసేది. కూతురు చాలా మర్యాదగా అడిగింది: "మీరు పొరబడి ఉండవచ్చా? అమ్మకు ఇంకా చెప్పలేదు."

నేను జవాబు రాయలేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. తర్వాత అది మిగతా మెయిళ్ల అడుగుకు వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలంలోనే నాయన పోయాడు. పోయే ముందు రెండు రోజులు స్పృహలోనే ఉన్నాడు. "రాయి పెట్టేసిరా" అన్నాడు. సరేనన్నాను. శవాన్ని కడగడానికి చుట్టాలు బండ దగ్గరకు మోసుకుపోబోతే అడ్డం పడ్డాను. వాకిట్లో మంచం వాల్చి దాని మీద పోయించాను. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ రాత్రే నా భార్యకు చెప్పాను. ఆమె వక్కపొడి నములుతూ నములుతూ ఆపేసింది. "నా చేత్తో నీళ్లు పోయించినావే ఆమె కాళ్లకు" అంది. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది.

అయినా నేను రాయిని కదిలించలేదు. కర్మ అయిపోనీ అనుకున్నాను, వానలు పోనీ అనుకున్నాను, రిటైర్మెంట్ అయిపోనీ అనుకున్నాను. ఈ లోపు రైలు కట్ట పక్కన భూముల రేట్లు పెరిగాయి. ఎవరెవరో కాగితాలు తెచ్చారు. ఒక వారం నేను గిద్దలూరులో మా అక్క ఇంటికి పోయి వచ్చేసరికి గోరీల చోట జేసీబీ తిరిగింది. పాస్టరు గారు ఒక్కరే అడ్డం నిలబడ్డారట. పేరున్న సమాధి ఒక్కటి వదిలేస్తాం, తక్కినవి ఎవరివో రుజువు చూపించమన్నారట వాళ్లు. నల్ల పలక ఉంది, సభ ఫోటోలు ఉన్నాయి, కాబట్టి అది మిగిలింది. సర్వే దొర గోరీకి, ఇంకొకదానికి పాత రాళ్లు ఉన్నా లెక్కచేయలేదు. వెనక వరస మీద వెంచర్ రోడ్డు వచ్చింది. డాక్టరమ్మ ఆ రోడ్డు కింద ఉంది. ఆమె పేరుతో ఇంజనీరు దొర చదునైన ప్లాట్ల మధ్య రంగు వేసిన రాళ్ల నడుమ ఒక్కడే మిగిలాడు.

నేను ఆ రోజే రాసి ఉంటే, పలక వెనక వరసకు మారి ఉండేది. మారి ఉంటే ఆమె మిగిలి ఉండేది. దీన్ని ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా ఆలోచించినా వేరేగా తేలలేదు.

అప్పుడు రాశాను. రాయి సంగతి, నాయన సంగతి, నేను తప్పుగా తర్జుమా చేసిన మాట, రోడ్డు, అన్నీ. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పది రోజులకు కూతురి జవాబు వచ్చింది. "అమ్మ పోయిన చలికాలంలో చనిపోయింది. తను చేతులు ఆనించిన చోటే డాక్టరమ్మ ఉందని నమ్మి పోయింది. మీ ఉత్తరం ఆమె చదవనందుకు సంతోషిస్తున్నాను. దయచేసి ఇక రాయకండి."

బండను పెకలించి కడిగి పాస్టరు గారిని పిలిచాను. ఆయన అక్షరాల మీద వేలు పోనిచ్చి చదువుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"తీసుకుపొండి" అన్నాను.

"యాడ పెట్టేది సార్? ఆడ పెడితే, మరి ఆ పలక వేసింది ఎవురి గోరీకి అని అడుగుతారు. ఉన్న ఒక్కటీ పీకేస్తారు. మీ కాడనే ఉండనీయండి."

కాబట్టి మా వాకిట్లో గోడకు ఆనించి నిలబెట్టాను, అక్షరాలు బయటికి. దారిన పోయేవాళ్లు ఆగి చదువుతారు. అడిగిన వాళ్లకు అడిగినంతా చెబుతున్నాను. దేనికోసం భయపడి అబద్ధం ఆడానో ఆ మాటలు పడటానికి సిద్ధపడే నిలబెట్టాను.

మొదట అడిగింది మా వీధిలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలాయన. నేను మామా అని పిలుస్తాను. అంతా విన్నాడు. కర్ర మీద గడ్డం ఆనించుకుని ఇంకోసారి చదివాడు.

"దీనికేంది అల్లుడా ఇంత బాధ" అన్నాడు. "మా ఇంటి మెట్లు చూల్లేదా? అయ్యీ ఆడి రాళ్లే. కంచె ఇనుము కూడా మా పక్కింటోల్ల కిటికీలకే ఉంది. ఊళ్లో అందరికీ తెలుసు గదా. మీ నాయన రాయి తెచ్చిన రోజు బండి తోలింది మా అన్నే."

నాయన అన్నేళ్లు దాచుకున్నది, నేను ఆ ముసలావిడ ముందు దాచింది, ఎవరికీ వింత కాదు. ఆయన టీ తాగి, మోకాళ్ల నొప్పులకు ఏదో కొత్త నూనె పేరు చెప్పి, లేచి వెళ్లిపోయాడు.